దానంతటదే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్‌కు ఫార్మాటే మందా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే కంప్యూటర్ సలహాల శీర్షికను నేను వదలకుండా చదువుతాను. ఇటీవల ఒక పాఠకురాలు తన పాత డెస్క్‌టాప్ పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, దానంతటదే మళ్లీ మొదలవుతోందని రాశారు. మీరిచ్చిన జవాబు మూడు ముక్కల్లో ముగిసింది: వైరస్ కావచ్చు, ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయించండి, అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ మార్చేయండి. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. ఫార్మాట్ ఎన్నడూ పనికిరాదని నేననను. రోగిని ఒక్క ప్రశ్నా అడగకుండా మందుచీటీ రాసివ్వడమే నాకు నచ్చలేదు.

ఉద్యోగ విరమణ దాకా నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లోపాలు సరిచేసే విభాగంలో పనిచేశాను. పూర్తిగా చచ్చిపోయిన లైను మాకు ఎప్పుడూ సమస్య కాదు, ఎక్కడ తెగిందో ఇట్టే దొరుకుతుంది. ఉండి ఉండి వచ్చే లోపాలతోనే యాతన. మనం పక్కన నిలబడితే బుద్ధిగా ఉండి, అటు తిరగగానే మొండికేసేవి అవి. వాటిని పట్టుకోవడానికి మాకు తెలిసిన పద్ధతి ఒకటే: ఎప్పుడెప్పుడు వస్తోందో రాసిపెట్టుకోవాలి, ఒకసారికి ఒక్క వస్తువునే మార్చి చూడాలి. విండోస్ మళ్లీ వేసి, ర్యామ్ మార్చి, దుమ్ము దులిపి, అన్నీ ఒకే పూటలో కానిస్తే కంప్యూటర్ బాగుపడినా పడవచ్చు. పాడైనది ఏదో మాత్రం ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి అదే జబ్బు మళ్లీ వస్తే కథ మొదటికే వస్తుంది.

నా డెస్క్‌టాప్‌కూ ఇదే జబ్బు చేసింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, రీస్టార్ట్ అయిన ప్రతిసారీ టైము, అప్పుడు చేస్తున్న పని, తెర పోయిన తీరు రాశాను. ఆ రాతల్లో ఒకటి ఇది: ‘పొద్దున ఆన్ చేసిన కాసేపటికి. ఉత్తరం టైపు చేస్తున్నాను. తెర ఒక్కసారిగా నల్లబడింది. నీలి తెర రాలేదు, షట్‌డౌన్ మాట రాలేదు. ఫ్యాను ఒక క్షణం నెమ్మదించి మళ్లీ హోరెత్తింది. కంపెనీ గుర్తు కనబడింది.’ నీలి తెర అంటే విండోస్ ఏదో లోపం కనిపెట్టి తానే ఆగినప్పుడు చూపేది. మిగతా రాతలూ దాదాపు ఇలాంటివే. కొన్ని పేజీలు నిండాక ఒక సంగతి దానంతట అదే బయటపడింది. రీస్టార్టులన్నీ పొద్దున, యంత్రం చల్లగా ఉన్నప్పుడే వస్తున్నాయి. ఒకసారి వేడెక్కాక సాయంత్రం దాకా, వీడియోలు చూసినా సరే, ఏ గొడవా లేదు.

చూడటానికి వచ్చిన మెకానిక్ మాత్రం అడుగు పెడుతూనే ‘హీట్ ప్రాబ్లం సార్’ అని తేల్చేశాడు. పాత కంప్యూటర్లలో ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింకుకు దుమ్ము పట్టడం, ఆ రెంటి మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోవడం మామూలే, కాదనను. కానీ వేడి వల్ల వచ్చే లోపం పని పెరిగేకొద్దీ, గంటలు గడిచేకొద్దీ ముదరాలి. పైగా ప్రాసెసర్ మరీ వేడెక్కితే ముందు తన వేగం తగ్గించుకుంటుంది. హద్దు దాటితే యంత్రం ఆగిపోతుంది, సాధారణంగా ఆగినది ఆగినట్టే ఉంటుంది. నా యంత్రం ఆగడం లేదు, మళ్లీ మొదలవుతోంది. అదీ చల్లగా ఉన్నప్పుడు. నోటుపుస్తకం చూపిస్తే అతను నవ్వి, విండోస్ 10కు సపోర్టు అయిపోయింది కదా, అందుకే కావచ్చన్నాడు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగించిన మాట నిజమే. దాని అర్థం భద్రతా సవరణలు రావడం ఆగుతుందని మాత్రమే. సపోర్టు ముగిసినంత మాత్రాన యంత్రం పొద్దున పూట కుప్పకూలదు.

మీ శీర్షిక మొట్టమొదట చెప్పవలసినది ఇదీ. లోపం వచ్చి నీలి తెర పడినా, అది చదివే వ్యవధి ఇవ్వకుండా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసే ఏర్పాటు విండోస్‌లో ముందునుంచే ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేయాలి. ఆ తర్వాత నీలి తెర వచ్చి నిలబడిపోతే, దాని మీది కోడ్ రాసుకోవచ్చు. అప్పుడు డ్రైవర్ల (కంప్యూటర్ భాగాలను నడిపే ప్రోగ్రాముల) వైపో ర్యామ్ వైపో దారి దొరుకుతుంది. టిక్కు తీసినా తెర నల్లబడి మళ్లీ మొదలవుతూనే ఉంటే, ఏం జరిగిందో రాసుకునే వ్యవధి విండోస్‌కు కూడా దొరకలేదన్నమాట. అనుమానం కరెంటు మీదికి, మదర్‌బోర్డు మీదికి మళ్లాలి. నా యంత్రం ఈ రెండో రకం.

రెండోది ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే చిట్టా. దాన్ని తెరిచిన వారికి ‘కెర్నల్ పవర్ 41’ అనే ఎర్ర గుర్తు కనబడుతుంది. పేరులో పవర్ ఉంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) పోయిందని చాలామంది అక్కడే తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు. ఆ నమోదు యంత్రం పడిపోయినప్పటిది కాదు, మళ్లీ లేచాక రాసినది. కిందటిసారి పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదన్న సంగతి తప్ప ఆ 41 ఇంకేమీ చెప్పదు. అసలు చూడవలసినది దాని వివరాల్లో ఉండే బగ్‌చెక్ కోడ్, అంటే లోపాన్ని గుర్తించే అంకె. అది సున్నా కాకుంటే విండోస్ ఏదో లోపాన్ని గుర్తించి తానే ఆగిందని అర్థం. అక్కడ కనబడే అంకె మామూలు దశాంశ లెక్కలో ఉంటుంది, నీలి తెర కోడ్‌లు మాత్రం హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో ఉంటాయి. అక్కడ 292 కనబడితే నీలి తెర లెక్కలో అది 124, హార్డ్‌వేర్ లోపానికి సంబంధించిన కోడ్. ఈ మార్పిడి తెలియక 292 కోసం వెతికి విసిగిపోయినవారు ఉంటారు. ఇక 1074 అనే నమోదు కనబడితే ఏదో ప్రోగ్రామో అప్‌డేటో కోరి రీస్టార్ట్ చేసిందని, అందులో జబ్బేమీ లేదని తెలుసుకోవాలి. నా యంత్రంలో ప్రతిసారీ 41, ప్రతిసారీ సున్నా.

విండోస్ తప్పు ఉందో లేదో తేల్చడానికి ఫార్మాట్ కంటే చవకైన దారి ఒకటుంది. విండోస్‌ను అసలు లేపకుండానే యంత్రాన్ని నడపాలి. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత పరీక్షను పెన్‌డ్రైవ్‌లో వేసి దానితోనే బూట్ చేయవచ్చు. ర్యామ్‌లో తప్పుంటే ఎర్రగా చూపిస్తుంది, ఒక్క తప్పు కనబడినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు. ఒక్కో ర్యామ్ కార్డునే ఉంచి మళ్లీ పరీక్షిస్తే దోషి ఎవరో తెలుస్తుంది. నేను రాత్రి కాక పొద్దున, యంత్రం చల్లగా ఉండగా దీన్ని నడిపాను. ఒక్క తప్పు కూడా చూపకముందే పరీక్ష మధ్యలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. విండోస్ లేదు, డ్రైవర్లు లేవు, వైరస్ లేదు, అయినా రీస్టార్ట్ అయింది. ఫార్మాట్ చేసి ఉంటే నా ఫైళ్లు పోయేవి, జబ్బు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు.

చిల్లర అనుమానాలు కొన్ని తీర్చుకున్నాను. గోడ ప్లగ్గు వదులుగా ఉందేమో చూశాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా పెట్టాను. క్యాబినెట్ మీది రీసెట్ బటన్ దుమ్ముకు ఇరుక్కుని తానే నొక్కుకునే అవకాశం ఉంది కాబట్టి, మదర్‌బోర్డు నుంచి దాని రెండు పిన్నుల వైరు పీకేశాను. దాన్నెవరూ అనుమానించరు గానీ, అనుమానించవలసినదే. వీటిలో ఏదీ కాదు. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లను (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాలను) టార్చి వేసి చూస్తే వాటి పైభాగాలు చదునుగానే ఉన్నాయి, ఉబ్బలేదు, కారలేదు.

మిగిలింది ఎస్‌ఎంపీఎస్. మెకానిక్ అప్పటికే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి ‘బాగానే ఉంది’ అన్నాడు. 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి, మీటరు ఆ మధ్యనే చూపించింది. అయితే అటువంటి మీటరు చూపేది సగటు. సెకనులో వెయ్యో వంతు సేపు పడి లేచే వోల్టేజీ దాని కంటికి ఆనదు. కంప్యూటర్‌కు మాత్రం అంత చాలు. ఎస్‌ఎంపీఎస్ నుంచి ‘వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయి’ అని చెప్పే సంకేతం ఒక బూడిద రంగు వైరులో బోర్డుకు వెళ్తుంటుంది. అది ఒక్క క్షణం తప్పి మళ్లీ వస్తే బోర్డు ప్రాసెసర్‌ను మొదటినుంచి మొదలుపెడుతుంది. నా తెర నల్లబడటమూ, వెంటనే కంపెనీ గుర్తు రావడమూ దీనికి సరిపోయాయి.

పొద్దునే ఎందుకన్నదానికీ ఇక్కడే జవాబు దొరికింది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఉండే ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. ఎండేకొద్దీ వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు అది మరీ ఎక్కువ. వెచ్చబడితే కాస్త తగ్గుతుంది. అందుకే ముసలి కెపాసిటర్లున్న యంత్రం పొద్దున మొరాయించి మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. నోటుపుస్తకం లేకుంటే ఈ ఊహ నాకు తట్టేది కాదు.

ఊహ ఊహే కాబట్టి ఎక్స్ఛేంజీ పద్ధతిలో రుజువు చేసుకున్నాను. ఇంట్లో వాడకుండా పడి ఉన్న మరో కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్‌ను దీనికి పెట్టాను. అంతకుముందు వాట్లు చాలుతాయా, 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసర్‌కు వెళ్లే కనెక్టరు సరిపోతాయా అని చూసుకున్నాను. కొన్ని కంపెనీలు సొంత అమరికలు వాడతాయి, బలవంతంగా దూర్చకూడదు. రీస్టార్టులు ఆగాయి. చాలామంది ఇక్కడితో ఊరుకుంటారు. వైర్లు కదిలించినందుకే బాగుపడిందేమో అన్న శంక మిగిలిపోతుంది. అందుకే నా పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఆ రెండో కంప్యూటర్‌కు పెట్టి పొద్దున ఆన్ చేశాను. అప్పటిదాకా ఏ రోగమూ లేని ఆ యంత్రం రీస్టార్ట్ అయింది. లోపం పెట్టెతో పాటే వెళ్లింది. మా విభాగంలో అయితే అప్పుడే ఫైలు మూసేవాళ్లం.

యూపీఎస్ ఉన్నవారికి మరో సూచన. కరెంటు పోయిన క్షణంలోనే రీస్టార్ట్ అవుతుంటే యూపీఎస్ బ్యాటరీని అనుమానించడం సబబే. కానీ యూపీఎస్ కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడు మీద కూడా పదహారు మిల్లీసెకన్ల దాకా నెట్టుకురాగలదు, ముసలిది నెట్టుకురాలేకపోవచ్చు. కొత్త బ్యాటరీ వేయించాక కూడా తగ్గకపోతే ఎస్‌ఎంపీఎస్ వైపు చూడాలి.

మీ శీర్షికకు నా విన్నపం ఇది. ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు జవాబిచ్చే ముందు కొన్ని వివరాలు తిరిగి అడగండి. ఎప్పుడు వస్తోంది, నీలి తెర వస్తోందా, ఆగిపోతోందా, మళ్లీ మొదలవుతోందా అని అడిగి, ఆ ఉత్తరప్రత్యుత్తరాలనే అచ్చువేయండి. చోటు సరిపోదంటారేమో. పక్కనే ప్రతివారం డ్రైవర్లను తనంతట తానే సరిచేసే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ గురించి సగం కాలమ్ వస్తోంది, ఆ చోటు దీనికివ్వండి. అలాగే మెకానిక్‌తో పని చేయించుకునేవారు ఏ భాగం పాడైంది, అది ఎలా తేలింది అన్నది బిల్లు మీద రాయించుకోవాలని, తీసేసిన భాగాన్ని అడిగి తీసుకోవాలని కూడా సూచించండి.

మరొకటి, ఇది తప్పక వేయండి. ఈ ఉత్తరం చదివి ఎవరైనా ఎస్‌ఎంపీఎస్ మూత విప్పి కెపాసిటర్లు చూద్దామనుకోవచ్చు. వద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పెట్టెను పెట్టెగానే మార్చాలి, మార్చే ముందు ప్లగ్గు తీయాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి