పాత రాడ్ బోల్టులు వేయవద్దు

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, పెద్దక్క పిల్లలు సెలవులకు వచ్చి వెళ్ళారు. మూడు ఆదివారాలుగా నీ ఫోను రాలేదు. పని ఎక్కువై ఉంటుందని అమ్మకు చెబుతున్నాను.

మొన్న చిన్న మావయ్య కొడుకు ఒక ఫోటో చూపించాడు. అందులో నీ సుబారు ఇంజను దించి, హెడ్లు విప్పి, స్టాండుకు బిగించి ఉంది. బూస్ట్, అంటే టర్బో ఇంజనులోకి తోసే గాలి ఒత్తిడి, పెంచబోతున్నావనీ, ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా ఒత్తి మలచిన) పిస్టన్లు తెప్పించి, వాటిని క్రాంకుకు కలిపే రాడ్లూ వాటి బోల్టులూ మాత్రం పాతవే వేస్తున్నావనీ వాడు అన్నాడు. ఎంతవరకు నిజమో తెలియదు కనుక నేను కోప్పడటం లేదు. సంక్రాంతినాడు ఆ కారు అమ్మేయమని నేనన్న మాటకు నొచ్చుకున్నావేమోనన్నదే నా బెంగ.

పిస్టన్ల విషయంలో నీ ఆలోచన సరైనదే. సిలికాన్ ఎక్కువ కలిపిన పోత పిస్టన్ వేడికి తక్కువగా ఉబ్బుతుంది, చప్పుడు చేయదు, కానీ బూస్ట్ పెరిగి, ఇంధనం వేళ తప్పి పేలి ఇంజను నాక్ కొడితే పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు పెంకులా విరుగుతుంది. నీవు తెప్పించినవి 2618 అల్యూమినియం మిశ్రమంతో చేసినవైతే అవి దెబ్బకు ఓర్చుకుంటాయి గాని ఎక్కువ ఉబ్బుతాయి. అందువల్ల బోరులో, అంటే సిలిండరు లోపల, పిస్టన్ చుట్టూ సందు ఎక్కువ వదలాలి, చల్లగా ఉన్నప్పుడు టకటకమంటే భయపడకుండా ఆయిల్ వేడెక్కేవరకు మెల్లగా నడపాలి. 99.5 మిల్లీమీటర్ల బోరుకు టర్బో ఇంజనులో పై రింగు కొసల మధ్య సందు సుమారు అర మిల్లీమీటరు అవుతుంది. పిస్టన్లతో వచ్చిన కాగితంలోని లెక్కనే పాటించి, ప్రతి రింగునూ దాని బోరులోనే పెట్టి సందు కొలిచే ఫీలర్ గేజితో చూడు. సందు చాలకపోతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి బోరును గీరేస్తాయి. బోరును రాపిడితో సరిచేసే హోనింగ్ వాళ్ళు హెడ్ స్థానంలో, హెడ్ బిగించినట్టే ఒత్తిడి పెట్టే టార్క్ ప్లేటు బిగించి చేస్తారో లేదో కూడా అడుగు. రాత్రిళ్ళు గ్యారేజీ తలుపు మూసి ఇంజను స్టార్ట్ చేయవద్దు.

మళ్ళీ రాడ్ల దగ్గరికే వస్తున్నాను. బూస్ట్ రాడ్డును నొక్కుతుంది, కానీ బోల్టును లాగేది వేగం. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్ పైకి దూసుకుపోతుంటే దానిని వెనక్కి గుంజే భారం ఆ రెండు బోల్టుల మీదే పడుతుంది. నిమిషానికి 6,700 చుట్ల దగ్గర ఆగే ఇంజనును 7,700 వరకు తిప్పితే ఆ లాగుడు దాదాపు మూడో వంతు పెరుగుతుంది.

నీవు పుట్టిన ఏడాది సిమెంటు లోడుకు వెళ్ళాల్సిన ఒక టర్బో లారీ ఇంజను మన కొట్టుకు వచ్చింది. ఓనరు తొందరపెట్టాడు. బోల్టులు చూడటానికి బాగానే ఉన్నాయి కదా అని, పొడవు కొలవకుండా నేనే తిరిగి బిగించాను. నాలుగో రోజు రాత్రి సూర్యాపేట దగ్గర ఒక బోల్టు తెగి, రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చింది. కబురు అందగానే దొరికిన బస్సెక్కి వెళ్ళాను. బ్లాకులో నా పిడికిలి దూరేంత రంధ్రం, రోడ్డు పొడవునా ఆయిల్, గట్టు మీద డ్రైవరు, అతని ఒళ్ళో నిద్రపోతున్న ఏడేళ్ళ కొడుకు. బడికి సెలవులని వాణ్ణి వెంట తెచ్చుకున్నాడట. ఎవరికీ దెబ్బ తగలలేదు. డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు, పిల్లవాడు లేస్తాడు, మెల్లగా మాట్లాడమన్నాడు. అమ్మ గాజులు ఆ బ్లాకు ఖర్చు కిందే పోయాయి. ఆ రోజు నుంచి ఈ కొట్టులో పాత రాడ్ బోల్టు తిరిగి వేయలేదు.

కాబట్టి ఫోర్జ్‌డ్ రాడ్లు, కొత్త బోల్టులు వేయి. బిగింపు బలం చూపే టార్క్ రెంచి అంకె దారాలకు పూసిన నూనెను బట్టి మారిపోతుంది కనుక, బోల్టు ఎంత సాగిందో గేజితో కొలిచి బిగించు. బిగించకముందు ఒక్కో దాని పొడవు పుస్తకంలో రాసి పెట్టుకో. తర్వాత ఎప్పుడు విప్పినా 0.025 మిల్లీమీటర్లు పెరిగి ఉంటే దానిని పారేయి. కారు కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మవద్దు, స్టాండ్లు పెట్టు. అన్నం వేళకు తిను.

రాడ్లకు డబ్బు చాలకపోతే అడుగు. బ్యాంకులో వేసినది తీసి పంపమని అమ్మే అంది. ఈ ఆదివారం మధ్యాహ్నం వరకు కొట్టు తెరవను, ఫోను పక్కనే పెట్టుకుని ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు
నాన్న