గాలం ఆటలో పాఠం ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఆన్‌లైన్‌లో చేపలు పట్టే ఆటలు ఆడుతుంటే పెద్దలు కాలక్షేపమని వదిలేస్తారు, లేదంటే ఫోన్ లాక్కుంటారు. పక్కన కూర్చుని చూసేవాళ్లు తక్కువ. చూస్తే కొన్ని ఆటల్లో నేర్చుకోవడానికి చాలానే ఉంది, కొన్నింట్లో ఏమీ లేదు. తేడా తెలియాలంటే ‘చేప ఎందుకు తప్పించుకుంది?’ అని పిల్లల్ని అడగాలి. కారణం చెప్పగలిగే ఆటలో పాఠం ఉన్నట్టే.

శ్రద్ధగా తయారుచేసిన ఆటల్లో చేప ఎర పట్టగానే తెర మీద ఒక పట్టీ కనబడుతుంది. దారం మీద పడే లాగుడు అందులో తెలుస్తుంది. కొత్తగా ఆడేవాళ్లు బటన్ నొక్కిపట్టి రీలు, అంటే దారం చుట్టే చక్రం, ఆపకుండా చుట్టేస్తారు. పట్టీ ఎర్రబడుతుంది, దారం తెగుతుంది. ఆ భయంతో మరుసటిసారి మొత్తం వదిలేస్తారు. దారం వదులై, చేప గాలపు ముల్లును విదిల్చుకుని పోతుంది. పరుగెత్తేటప్పుడు వదలాలి, అలిసి ఆగినప్పుడు చుట్టాలి అన్నది నాలుగు చేపలు పోయాకే చేతికి పట్టుబడుతుంది.

నిజమైన గాలంతోనూ జరిగేది ఇదే. రీలుకు డ్రాగ్ అనే బిగింపు ఉంటుంది. దారం తట్టుకోగల బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లాగుడుకే రీలు జారి దారం వదిలేలా దాన్ని బిగించడం అనుభవజ్ఞుల పద్ధతి. అంటే 6 కిలోల దారానికి ఒకటిన్నర నుంచి 2 కిలోలు. అంత మిగులు ఎందుకంటే ముడి దగ్గర దారం బలం తగ్గుతుంది, చేప ఒక్కసారిగా కుదిపితే లాగుడు అమాంతం పెరుగుతుంది. పైగా చేప దారాన్ని దూరం లాక్కుపోయేకొద్దీ రీలు మీద చుట్ట సన్నబడి, అదే బిగింపుకు దారం మీద లాగుడు ఎక్కువవుతుంది. భిన్నాలు, బలం, వ్యాసార్ధం అన్నీ ఇక్కడే ఉన్నాయి. అడిగే పెద్దవాళ్లు పక్కన ఉండాలంతే.

రెండో పాఠం గమనించడం. స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటలో కొన్ని చేపలు వానలోనే పడతాయి, కొన్ని రాత్రిపూటే, కొన్ని ఒక్క ఋతువులోనే. యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్ అనే మరో ఆటలో దక్షిణార్ధగోళం ఎంచుకుంటే చేపలు దొరికే నెలలే మారిపోతాయి. ఎందుకని అడిగితే భూమి అక్షం వంపు దాకా వెళ్లవచ్చు. పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి వేళ, వాతావరణం, లోతు, ఎర, ఫలితం అని అయిదు గడులు గీయించండి. గాలం వేసే ముందే ఏమవుతుందో రాయించండి. ఒకసారికి ఒక్కటే మార్చనివ్వండి. ఎర, లోతు కలిపి మార్చేస్తే చేప దేనివల్ల పడిందో ఎప్పటికీ తేలదు. చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే.

లెక్కల విషయంలో ఒక పొరపాటు మాత్రం పెద్దలు సరిదిద్దాలి. అరుదైన చేప పడే అవకాశం 5 శాతమైతే, 20 సార్లు గాలం వేస్తే ఖాయంగా పడుతుందని పిల్లలు నమ్ముతారు. నిజానికి ఒక్కటైనా పడే అవకాశం దాదాపు 64 శాతమే. 19 సార్లు పడకపోయినా ఇరవయ్యోసారి అవకాశం మళ్లీ ఆ 5 శాతమే. ‘ఇంకొక్కసారి’ అనిపించే ఆ ఆశ మీదే కొన్ని ఆటలు వ్యాపారం చేస్తున్నాయి. తుపాకీతో చేపల్ని కాలుస్తూ, ప్రతి గుండుకూ నాణేలు ఖర్చయి, ఆ నాణేలను డబ్బు పెట్టి కొనుక్కునే ఆటలున్నాయి. అక్కడ ఎర లేదు, లోతు లేదు. చేప ఎందుకు తప్పించుకుందంటే చెప్పడానికి కారణమే ఉండదు. దాన్ని జూదమనే అనాలి, అది పిల్లల చేతికి రాకూడదు. మంచి ఆటైనా సరే, ఫోన్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టాకే ఇవ్వండి.

మంచి ఆటల్లోనూ నన్ను బాధపెట్టే లోపం ఒకటుంది. ఎన్ని పట్టినా చెరువు ఖాళీ కాదు. దీన్ని కాగితం మీద సరిచేయవచ్చు. చెరువులో 100 చేపలున్నాయనీ, పట్టగా మిగిలినవి ఏటా ఐదో వంతు పెరుగుతాయనీ అనుకోండి. ఏటా 15 పడితే తొలి ఏడాది చివర 102 ఉంటాయి, చెరువు నిలుస్తుంది. ఏటా 30 పడితే 84, 65, 42, 14. ఐదో ఏడు 30 పట్టడానికి చేపలుండవు. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి. చిన్న చేపను గుడ్లు పెట్టే వయసు రాకముందే పట్టకూడదని నియమాలు ఎందుకుంటాయో, వదిలేసే చేపను తడి చేతులతోనే ఎందుకు పట్టుకోవాలో అప్పుడు చెప్పండి. పొడి చేతులు తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ పొరే. ఆటలు తయారుచేసేవాళ్లు ఈ రెండు నియమాలనూ ఆటలోనే పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు