నువ్వడిగిన సిన్సినాటి కేసు గురించి

ఏరా సుబ్బూ,

ఆదివారం ఫోన్లో నువ్వడిగిన మాట వారమంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. "టీకా వేయించుకోమని జడ్జి ఆర్డరు వేయొచ్చా? వేస్తే నిలబడుతుందా?" అన్నావు. ఇంటినిండా చుట్టాలుండి అప్పుడు పొడిపొడిగా చెప్పి పెట్టేశాను. ఇవాళ కోర్టుకి సెలవు, మీ చెల్లెమ్మ పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్ళింది. తీరిగ్గా రాస్తున్నా.

నువ్వు చెప్పింది 2021 ఆగస్టు నాటి కేసు. ఫెంటనిల్ అనే మత్తుమందుతో పట్టుబడ్డ 21 ఏళ్ళ కుర్రాడు. మీ సిన్సినాటి ఉన్న హామిల్టన్ కౌంటీ జడ్జి క్రిస్టఫర్ వాగ్నర్ రెండేళ్ళ ప్రొబేషన్ ఇచ్చారు, అంటే జైలుకి పంపకుండా షరతుల మీద బయట ఉండనిచ్చారు. పనిలో ఉండాలి, తుపాకీ జోలికి పోకూడదు అని చెబుతూ అదే వరసలో రెండు నెలల్లో కోవిడ్ టీకా వేయించుకోవాలన్నారు. కుర్రాడు మాస్కుతో వచ్చాడు, ఎందుకని అడిగితే టీకా పడలేదని తేలింది. అంతే, అక్కడ పుట్టిన షరతు అది. ఆ రోజుల్లోనే న్యూయార్కులో ఫెడరల్ జడ్జి జెడ్ రేకాఫ్ బెయిలుకే ఆ షరతు పెట్టారు.

మీ ఒహాయోలో జడ్జి చేతులు పూర్తిగా విప్పేసి లేవురా. ప్రొబేషన్ షరతు ఎలా ఉండాలో అక్కడి సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ముద్దాయి బాగుపడటానికి పనికిరావాలి, చేసిన నేరంతో సంబంధం ఉండాలి, మళ్ళీ నేరం చేయకుండా ఆపేదై ఉండాలి. 2004లో ఇంకో కేసు వచ్చింది. పిల్లల పోషణకి డబ్బు కట్టని తండ్రిని ప్రొబేషన్ ముగిసేదాకా ఇంకో బిడ్డని కనకుండా చూసుకోమన్నారు. బాకీ తీర్చినా ఆ షరతు తొలగే దారి లేదని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తూకంలో పెట్టి చూడు. మత్తుమందు కేసుకీ కోవిడ్ సూదికీ ఏమిటి సంబంధం? నాకైతే కనపడలేదు.

"1905 తీర్పు ఉందిగా" అంటారు మీవాళ్ళు. ఉంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో మశూచి ప్రబలితే ఊళ్ళోవాళ్ళంతా టీకా వేయించుకోవాలన్నారు. జాకబ్సన్ అనే ఆయన కుదరదన్నాడు. అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు తేలి, ఆ నిబంధన సరైనదేనంది. అయితే ఆయనకి పడింది ఐదు డాలర్ల జరిమానా. పట్టుకుని సూది వేయలేదు. పైగా అది చట్టసభ ఇచ్చిన అధికారంతో ఆరోగ్య బోర్డు పెట్టిన నియమం, ఊరందరికీ ఒకటే. బోనులో నిలబడ్డ ఒక్కడికి అప్పటికప్పుడు తోచి పెట్టిన షరతు కాదు. ఆ తీర్పుని సాగదీస్తే ఎక్కడిదాకా పోయిందో తెలుసా? 1927లో జస్టిస్ హోమ్స్ దాన్నే ఆధారం చేసుకుని క్యారీ బక్ అనే అమ్మాయికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడం సబబేనన్నారు. అది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మన దగ్గర సుప్రీంకోర్టులో మాట తేలింది 2022 మే 2న. డాక్టర్ జాకబ్ పులియల్ వేసిన పిటిషన్లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు (మన ఆంధ్రావారే), జస్టిస్ గవాయ్ గారు తీర్పిచ్చారు. ఎవరి ఒంటి మీద హక్కు వాళ్ళది, రాజ్యాంగం 21వ అధికరణం కింద ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యకూడదు అన్నారు. జనం ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చు గానీ అవి అవసరానికి మించకూడదన్నారు. అంతకు ముందు ఏడాది మేఘాలయ హైకోర్టు కూడా దాదాపు ఇదే దారిలో మాట్లాడింది. బెయిలు షరతుల సంగతి వేరే చెప్పాలా? వేధింపుల కేసులో ముద్దాయిని ఫిర్యాదు చేసిన ఆవిడ చేత రాఖీ కట్టించుకోమన్న మధ్యప్రదేశ్ హైకోర్టు షరతుని 2021 మార్చిలో సుప్రీంకోర్టే కొట్టేసింది.

టీకా మీద నాకేదో అనుమానమనుకునేవు. లేదు. అమ్మ సంగతి నీకు చెప్పలేదు కదా. నువ్వు పిన్నీ పిన్నీ అంటూ తిరిగిన మనిషే, రెండు నెలలు ససేమిరా అంది. నేను కేకలేశాను, నాతో మాట్లాడటం మానేసింది. ఆశా కార్యకర్త మూడుసార్లు వచ్చింది. మూడోసారి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, జాకెట్టు చెయ్యి పైకి లాగి "ఇదిగో పెద్దమ్మా, నాకూ ఇక్కడే వేశారు, రెండ్రోజులు నొప్పెట్టింది, అంతే" అని చూపించింది. మర్నాడు అమ్మే చీర మార్చుకుని బయల్దేరింది.

వకీలుగా నా పార్టీలని, అంటే నా క్లయింట్లని, రోజూ చూస్తాను. మొన్న ఒక తాపీమేస్త్రికి బెయిలొచ్చింది. ఇద్దరు షూరిటీలు, వారం వారం స్టేషన్లో సంతకం. జడ్జిగారు చదువుతుంటే చేతులు కట్టుకుని ప్రతి మాటకీ "సరేనయ్యా" అన్నాడు. బయటికొచ్చాక "ఏమన్నారు సార్?" అని నన్నడిగాడు. ఆ జాబితాలో టీకా ఉన్నా అదే "సరేనయ్యా". పక్కన జైలు పెట్టుకుని అడిగినప్పుడు వచ్చే ఆ మాటని ఒప్పుకోవడం అని నేను అనలేనురా. అమ్మ ఒప్పుకుంది. వాడు తలూపాడు.

మీ కౌంటీ కోర్టులో ఎవరైనా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవచ్చు. నీకు సెలవున్న పూట ఒకసారి వెళ్ళు. షరతులు చదివేటప్పుడు జడ్జిని కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడు. ఆ మనిషి ఏమంటున్నాడో నాకు రాయి. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
శీను