బుజ్జీ, ఫార్మాట్ మాత్రం కొట్టించకు

మస్కట్,
బుధవారం రాత్రి

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు "అన్నయ్యా, సీ డ్రైవ్ మొత్తం ఎర్రగా అయిపోయింది, ఒక్క జీబీ కూడా మిగల్లేదు, ప్రింట్ ఇస్తే మధ్యలో ఆగిపోతోంది, ఆదివారం కంప్యూటర్లు బాగుచేసే ఆ అబ్బాయిని పిలిచి ఫార్మాట్ కొట్టించేస్తాను" అన్నావు. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు. డ్యూటీ నుంచి రాగానే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే షాపులో నీ కౌంటర్ దగ్గర జనం ఉంటారు, ఒకటి వింటావు, ఒకటి వినవు. అందుకని దీన్ని ప్రింట్ తీసి కీబోర్డు పక్కన పెట్టుకో.

ఫార్మాట్ వద్దని ఎందుకంటున్నానో ముందు చెబుతాను, ఇది నీకు ఇంతవరకూ చెప్పలేదు. 2016లో నా ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని ఇక్కడ ఒక షాపులో ఇచ్చాను. లోపల ఏముందని అడగకుండానే అతను మొత్తం తుడిచేసి కొత్త విండోస్ ఎక్కించి ఇచ్చాడు. అందులో తాతయ్య గొంతు ఉంది. చిన్నప్పుడు మహేంద్రతనయలో ఈత నేర్చుకున్న సంగతి, ఏరు దాటి పాతపట్నం సంతకి నడిచి వెళ్లిన సంగతి, పదకొండు నిమిషాలు చెప్పాడు. ఇంకో చోట రికవరీకి ఇస్తే సగం సగం ఫోటోలు వచ్చాయి, ఆ గొంతు రాలేదు. ఫైల్ తీసేసినప్పుడు అది వెంటనే చెరిగిపోదట, ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, దాని మీద ఇంకొకటి రాస్తే అప్పుడు నిజంగా పోతుంది. నాకు జరిగింది అదే. మన షాపు కంప్యూటర్లో సీ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచుకునే డిస్క్, కాబట్టి అక్కడ ఇంకా త్వరగా పోతుంది, తీసేసిన చోటుని అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. పోయాక వెతికే పని పెట్టుకోకూడదు.

ఇప్పుడు అసలు పని. నువ్వు పంపిన స్క్రీన్ ఫోటో పెద్దది చేసి చూశాను. సీ డ్రైవ్ 223 జీబీ అని ఉంది. నేను కొన్నది 240దే. డిస్క్ చేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అందుకే తక్కువ కనిపిస్తుంది. అందులో డెస్క్‌టాప్ ఒక్కటే 90 జీబీ దాకా ఉంది, డౌన్‌లోడ్స్ 38. డెస్క్‌టాప్ మీద పెట్టినవి ఎక్కడో విడిగా ఉంటాయని చాలామంది అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అది సీ డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్, నువ్వు అక్కడ ఏది పెట్టినా నిండేది సీ డ్రైవే.

డౌన్‌లోడ్స్‌తో మొదలుపెట్టు. అక్కడ ఉన్నవి దాదాపు అన్నీ మన షాపుకి ప్రింట్ల కోసం, దరఖాస్తుల కోసం వచ్చినవాళ్ల కాగితాలు. ఆధార్, పాన్, మార్కుల లిస్టులు, ఆదాయం, కులం, నివాస ధ్రువపత్రాలు, ఒకే మనిషివి నాలుగేసి సార్లు దిగినవి. ఇది స్థలం గురించి మాత్రమే కాదు బుజ్జీ. పని అయిపోయాక వాళ్ల ఆధార్ మన దగ్గర ఉండకూడదు. మనల్ని నమ్మి ఇచ్చారు, ఆ అబ్బాయి వచ్చి కూర్చున్నా, రేపు కంప్యూటర్ ఎవరికైనా అమ్మినా అవన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి. ఇంకా పని పెండింగ్‌లో ఉన్నవి ఒక ఫోల్డర్‌లో వేసుకుని మిగతావి తీసేయ్, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి, బిన్‌లో ఉన్నంతసేపూ అది ఆ డ్రైవ్‌లోనే చోటు తింటూ ఉంటుంది. ఇకమీదట ప్రతి శనివారం షాపు కట్టేముందు ఈ పని చేసేయ్.

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. కాసేపు లెక్కపెట్టుకుని లిస్టు చూపిస్తుంది. అప్‌డేట్ల చెత్త, టెంపరరీ ఫైళ్లు, ఫోటోల చిన్న బొమ్మల నకళ్లు (థంబ్‌నెయిల్స్), ఇవి ధైర్యంగా టిక్ పెట్టి తీసేయ్. వెనకటి విండోస్ అని కనిపిస్తే అదీ తీసేయొచ్చు, పెద్ద అప్‌డేట్ తర్వాత పాతదాన్ని పది రోజులు అట్టే పెట్టి మామూలుగా అదే తీసేస్తుంది, కానీ తీసేశాక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లలేవు, అంతే. ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టకు, మనం చేత్తో చూసుకునే తీయాలి.

హైబర్నేషన్ ఫైల్ అని ఒకటి దాక్కుని ఉంటుంది, కంప్యూటర్‌ని నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది అందులో దాచుకుంటుంది, మన 8 జీబీ ర్యామ్‌కి అది మూడు జీబీ పైనే ఉంటుంది. దాన్ని ఆపే కమాండ్ వాట్సాప్‌లో పంపుతాను, చూసి టైప్ చేయకుండా కాపీ చేసుకో. విండోస్ ఫోల్డర్ లోపలికి మాత్రం వెళ్లకు, అక్కడ ఎంత పెద్దది కనిపించినా సరే. అలాగే ఒక్క క్లిక్కుతో అంతా శుభ్రం చేస్తాం అని వచ్చే సాఫ్ట్‌వేర్లు ఏవీ దించకు, వాటి వెనక ఇంకేవో వస్తాయి.

ఇక డెస్క్‌టాప్. "అమ్మ ఫోన్", "అమ్మ ఫోన్ కొత్త", "అమ్మ ఫోన్ ఫైనల్", మూడు ఫోల్డర్లు చూశాను. మూడింట్లోనూ అవే ఫోటోలు, అవే శుభోదయాలు, అవే వీడియోలు. ప్రతిసారీ మొత్తం ఫోన్ కాపీ చేశావు కాబట్టి అలా పేరుకుపోయింది. చివరి ఫోల్డర్ ఉంచి, పాత రెండింట్లో మాత్రమే ఉన్నవి ఏమైనా ఉన్నాయేమో చూసి, అప్పుడు వాటిని తీసేయ్. వాట్సాప్ ఫోటోల్లో సెంట్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అది మనం పంపినవాటి నకలు, అక్కర్లేదు. పిన్ని కూతురి పెళ్లి ఫోటోలు కెమెరా ఫోల్డర్‌లోవి ఉంచు, వాట్సాప్‌లో వచ్చినవి వద్దు, వాట్సాప్ పంపేటప్పుడు ఫోటోని కుదించేస్తుంది, పెద్ద సైజులో ప్రింట్ తీస్తే మొహాలు అలుక్కుపోతాయి.

విజ్‌ట్రీ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది, డ్రైవ్‌లో ఏది ఎంత తింటోందో పెద్దది పైన వచ్చేలా చూపిస్తుంది. వాడు, మంచిదే. కానీ అన్నింటికంటే పైన 13 జీబీ వీడియో ఒకటి కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకు. అది చిన్న రైలు. 2004లో నౌపడ - గుణుపురం చిన్న గేజి రైలు ఆపేస్తారని తెలిసి మావయ్య హ్యాండీక్యామ్‌తో పాతపట్నం నుంచి మన పర్లాకిమిడి స్టేషన్ దాకా తీసిన గంట క్యాసెట్. అప్పటి టేపు ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంటకి అంత సైజు వస్తుంది. 2011లో పెద్ద రైలు వచ్చింది, మంచిదే, అమ్మకి ప్రయాణం సులువైంది. కానీ ఆ రైలు ఇక రాదు. అందులో నాన్న ప్లాట్‌ఫారమ్ మీద నిన్ను భుజాన ఎత్తుకుని ఉంటాడు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని ఎంపీ4 చేస్తే ఒకటి రెండు జీబీలకి వస్తుంది, చూసుకోవడానికి, చుట్టాలకి ఇవ్వడానికి అది చాలు. అసలుది మాత్రం అలాగే ఉండాలి, కుదించినదాన్ని మళ్లీ అసలులా చేయలేం.

ఇంకొకటి. కార్డులు, కరపత్రాలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ తీసేస్తానన్నావు, పాతది, ఎవరూ వాడటం లేదని. వద్దు. నాన్న ఇరవై ఏళ్లు కూర్చుని చేసిన పనంతా అందులోనే ఉంది. ఒకపక్క తెలుగు, ఒకపక్క ఒడియా వేసిన శుభలేఖలు, ఆగస్టు 29కి గిడుగు రామమూర్తి గారి జయంతి కరపత్రాలు. ఆయన పాఠాలు చెప్పిన ఊరు మనదని నాన్న ప్రతి ఏడాదీ డబ్బు తీసుకోకుండా చేసేవాడు కదా. ఆ ఫైళ్లన్నీ "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, ఆ ఫాంట్లు పోతే తెరిచినప్పుడు తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అన్నీ కలిపి రెండు జీబీ కూడా ఉండవు, వాటిని తీసేస్తే మనకి ఒరిగేదేమీ లేదు. ఖాళీ దొరికినప్పుడు రోజుకి పది ఫైళ్లు తెరిచి పీడీఎఫ్ చెయ్యి, ఫాంట్లు లోపల ఉండేలా. పక్కన నాన్నని కూర్చోబెట్టుకో, ఏది ఎవరి పెళ్లిదో ఆయనకే తెలుసు, ఫైల్ పేరు ఆయన చెప్పినట్టు పెట్టు.

డి డ్రైవ్‌లో 200 జీబీ దాకా ఖాళీ ఉంది కాబట్టి వీడియో, ఫోటోలు, నాన్న ఫైళ్లు ముందు అక్కడికి వేద్దాం. కట్ చేసి పేస్ట్ చేయకు, మన ఊళ్లో కరెంట్ ఎప్పుడు పోతుందో తెలీదు. కాపీ చెయ్యి, రెండు చోట్లా సైజు, ఫైళ్ల సంఖ్య సరిపోయాయా చూడు, నాలుగైదు తెరిచి చూడు. కానీ ఆ డి డ్రైవ్ పదేళ్ల పాత డిస్క్, దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. వచ్చే నెల మన వీధి అబ్బాయి ఒకతను ఊరికి వస్తున్నాడు, అతనితో 1 టీబీ పోర్టబుల్ డిస్క్ పంపిస్తున్నాను, 931 జీబీ అని చూపిస్తే కంగారు పడకు. అందులోకి ఇంకో కాపీ వెళ్లేదాకా సీ డ్రైవ్‌లో ఉన్న ఆ వీడియో, ఉంచమన్న ఫోటోలు, నాన్న ఫైళ్లు తీయకు. మిగతా చెత్త పోతేనే నీకు డెబ్బై ఎనభై జీబీ వస్తుంది, ప్రింట్లు ఆగవు. ఎప్పుడూ ఒక ముప్పై జీబీ ఖాళీ ఉండేలా చూసుకో, ఎస్‌ఎస్‌డీ నిండుగా ఉంటే నెమ్మదిస్తుంది, అప్‌డేట్లు కూడా ఎక్కవు.

ఆ అబ్బాయికి వద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు, మర్యాదగానే చెప్పు, మంచివాడే.

శుక్రవారం నాకు సెలవు. నీకు రాత్రి తొమ్మిదంటే నాకు ఏడున్నర, వీడియో కాల్ చెయ్యి, డౌన్‌లోడ్స్ ఇద్దరం కలిసి చూద్దాం. రైలు వీడియో కాపీ అయ్యాక డి డ్రైవ్‌లోది తెరిచి మొదలు, మధ్య, చివర ప్లే చేసి చూడు. చివర్లో మన స్టేషన్ వస్తుంది, రైలు ఆగాక మావయ్య కెమెరా నాన్న వైపు తిప్పుతాడు, అక్కడిదాకా శబ్దం సరిగ్గా వస్తోందో లేదో నాకు చెప్పు.

అమ్మకి, నాన్నకి నా నమస్కారాలు.

మీ అన్నయ్య