41 నుంచి 63 నంబర్ల స్పీకర్ జతలు కొన్నవాళ్లకు: తప్పు మీ గదిది కాదు, నా కోన్‌ది

ముందు అసలు సంగతి చెప్పేస్తా, సోది తర్వాత. పోయిన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో మా దగ్గర ఆరున్నర అంగుళాల స్టూడియో మానిటర్లు (పాటలు మిక్స్ చేసేవాళ్లు పెట్టుకునే స్పీకర్లు) తీసుకున్నవాళ్లు ఒకసారి బాక్సు వెనక స్టిక్కరు చూసుకోండి. నంబరు 41కీ 63కీ మధ్య ఉంటే మీ జతలో రెండు ఊఫర్లూ (కింది, నడిమి శబ్దాలు పలికే పెద్దవి) మార్చి ఇస్తాను. డబ్బులు అక్కర్లేదు, రానూపోనూ ఆర్టీసీ కార్గో ఖర్చు నాదే. బాక్సులు మొత్తం పంపొద్దు, ముందు మేమే కొత్త ఊఫర్లు పంపుతాం, నాలుగు స్క్రూలు, రెండు వైర్లు, పావుగంట పని. పాతవి అదే అట్టపెట్టెలో పెట్టి తిరిగి పంపండి. పై శబ్దాలు పలికే చిన్నది, ట్వీటర్‌ని ముట్టుకోవద్దు, దానిలో ఏ తప్పూ లేదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

నవంబరులో కావలి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఇంట్లోనే చిన్న స్టూడియో, జానపద పాటలూ భక్తి పాటలూ మిక్స్ చేస్తాడు. "అన్నా, నట్టనడుమ ఉండాల్సిన గొంతు ఎడమకి జరిగినట్టుంది, నా చెవే పొయ్యిందా?" అన్నాడు. నేను ఈ వ్యాపారంలో ఉన్న అందరూ చెప్పే జవాబే చెప్పాను: గది, తమ్ముడూ, గది. ఒక పక్క గోడ దగ్గర, ఇంకో పక్క బీరువా, అందుకే అట్టా వినపడతా ఉంటుంది అన్నాను. పాపం ఆయన ముగ్గురు మనుషుల్ని పెట్టి బీరువాని పక్క గదిలోకి నెట్టించాడు. రెండ్రోజులకు మళ్లీ ఫోన్. గొంతు ఇంకా ఎడమకే ఉంది.

అప్పుడు బస్సెక్కి పోయాను. పోయి చేసింది ఒక్కటే పని, నిజానికి అది ఫోన్‌లోనే చెప్పి ఉండాల్సింది: ఎడమ బాక్సు కుడికి, కుడి బాక్సు ఎడమకి మార్చాను. గొంతు కుడికి పోయింది! గది తప్పయితే గొంతు ఉన్నచోటే ఉండాలి కదా, బాక్సుతోపాటు నడిచి పోయిందంటే జబ్బు బాక్సులోనే ఉన్నట్టు. కాసేపు నోరు పెగల్లేదు. టీ తాగాక మైకు పెట్టి కొలిస్తే వెయ్యి హెర్ట్జ్ నుంచి 3 వేల హెర్ట్జ్ మధ్య రెండు బాక్సులకూ ఒకటిన్నర డెసిబెల్ దాకా తేడా ఉంది. మామూలుగా పాటలు వినేవాడు దాన్ని పట్టించుకోడు. మిక్స్ చేసేవాడికి మాత్రం మాట స్పష్టతంతా ఉండేది ఆ జాగాలోనే, అక్కడ తేడా వస్తే ఆయన లేని జబ్బుకు మందు వేస్తాడు, ఎడమ తగ్గించి కుడి పెంచి, ఆ పాట ఇంకెక్కడ విన్నా వంకరగా ఉంటుంది. బీరువాని మళ్లీ యథాస్థానానికి తేవడంలో నేనూ ఒక చెయ్యి వేశాను, అంతకంటే ఆ రోజు చేయగలిగింది లేదు.

కోన్ అంటే ఏంటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. స్పీకర్ ముందు కనిపించే గరాటు లాంటి కాగితమే కోన్, ఇంగ్లీషు పుస్తకాల్లో డయాఫ్రమ్ అంటారు. వెనక కాయిల్ (తీగ చుట్ట) తోస్తుంటే అది మొత్తం ఒకే ముక్కగా ముందుకూ వెనక్కూ కదలాలి. కింది ఫ్రీక్వెన్సీల్లో ఏ కోనయినా అట్లాగే కదులుతుంది. పైకి పోయేకొద్దీ మధ్యలో తోసిన తోపు అంచు దాకా చేరేలోపే కాయిల్ వెనక్కి తిరిగేస్తుంది, అప్పుడు నడిమి భాగం ఒక దిక్కు, అంచు ఇంకో దిక్కు. దీన్నే బ్రేకప్ అంటాం. మా ఆరున్నర అంగుళాల పేపరు కోన్‌కి వెయ్యి దాటాక అంచు మొరాయించడం మొదలవుతుంది, 4 వేల దగ్గర కొలత గీతలో ఒక పెద్ద ముడి ఉంటుంది. ట్వీటర్‌కి పని అప్పజెప్పేది 2,300 దగ్గర. అంటే అంచు మొరాయించేది గొంతు మధ్యలోనే, తప్పించుకోవడానికి లేదు, మచ్చిక చేసుకోవడమే.

మచ్చిక చేసుకోవాలంటే కోన్ గట్టిగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, మోగకూడదు. మూడు గుణాలూ ఒక్కచోట దొరకవు, పెళ్లి సంబంధాల్లాగే. మోగకూడదంటే ఏమిటో తెలియాలంటే ఇంట్లో ఒక స్టీలు గరిట, ఒక ఉదయగిరి చెక్క గరిట నేల మీద పడేసి చూడండి. స్టీలుది కిందపడ్డాక కూడా కాసేపు పాడుతుంది. చెక్కది టక్‌మని అక్కడితో ఆగిపోతుంది. మానిటర్‌కి కావాల్సింది ఆ రెండోది. అల్యూమినియం కోన్లు పెట్టమని అడిగేవాళ్లకు నా జవాబు కూడా అదే. వాటిని తిట్టడం లేదు, వాటి బ్రేకప్ చాలా పైకి పోతుంది, కింద అంతా శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ పైన వచ్చే ఒక్క మోత గుండుసూదిలా నిలబడుతుంది, దాన్ని క్రాసోవర్‌లో (ఊఫర్‌కీ ట్వీటర్‌కీ శబ్దాన్ని పంచే సర్క్యూట్‌లో) విడిగా నొక్కాలి. చేసేవాళ్లు బాగానే చేస్తున్నారు. బెరీలియం అనే లోహం గురించీ అడుగుతుంటారు. అందులో శబ్దం సెకనుకు 12 కిలోమీటర్లకు పైగా పరిగెత్తుతుంది, అల్యూమినియంలో 5 కిలోమీటర్ల చిల్లర, అందుకే యమహా 1974లోనే ఎన్‌ఎస్ 1000ఎమ్ స్పీకర్‌లో బెరీలియం డోములు (కోన్ బదులు ఉండే గుండ్రటి బుడిపెలు) పెట్టింది. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మేడ మీద గదిలో చేసే పని కాదది.

సరే, పేపరుకి ఏమైందంటే.

కాగితం తేమ తాగుతుంది. మనకు మే నెలలో పడమటి గాలి కొట్టే రోజుల్లో కోన్ అప్పడంలా ఉంటుంది, ఈశాన్య రుతుపవనాలు మొదలై నాలుగు రోజులు ముసురు పడితే అదే కోన్ మెత్తబడుతుంది. బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి చూశాను: ఎండాకాలంలో 5 గ్రాములున్న ఉత్త కోన్ ముసురులో 5.3 తూగింది. ఆ 0.3 గ్రాములు పెద్ద లెక్క కాదు, అసలు నష్టం బరువు పెరగడం కాదు, బిగువు తగ్గడం. దీనికి తోడు నేను కోన్‌కి పూసే కోటింగు నీళ్లలో కలిపేది. వేసవిలో ఒక్క రాత్రిలో ఆరేది. ముసురులో కూడా అదే ఒక్క రాత్రి ఇచ్చాను. ఆర్డర్లు ఎక్కువున్నాయి, దసరాకి, దీపావళికి ఇస్తానని మాటిచ్చాను, టెన్షన్. పైగా సగం కోన్లు ఏసీ గదిలో ఆరాయి, సగం చోటు చాలక కిటికీ పక్కన ఆరాయి, జతలు కట్టేటప్పుడు ఏది ఎక్కడిదో ఎవరూ రాసుకోలేదు. ఎవరూ అంటే నేనే, ఆ పని నాది. ఇది కాక కోన్లు పోసి ఇచ్చేవాళ్లు ఆ విడతలో కాగితం గుజ్జు మార్చారు. అడిగితే "అదే క్వాలిటీ సార్" అన్నారు. వెలుతురుకి పట్టి చూస్తే పోగులు పొట్టిగా కనిపించాయి. వచ్చిన రోజే చూడాల్సింది, జనవరిలో చూశాను.

గుజ్జు గొడవ నా ఒక్కడిదే కాదని తెలిస్తే కొంచెం ఊరటగా ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. స్టూడియో ఫోటోల్లో మిక్సర్ మీద కూర్చుని ఉండే తెల్ల కోన్ యమహా ఎన్‌ఎస్ 10 తెలుసు కదా, 1978లో వచ్చింది. దాని కోన్ అందరిలా అచ్చులో నొక్కింది కాదు, చదును కాగితాన్ని పొట్లంలా చుట్టి అంచు అతికించింది. 2001లో ఆపేశారు, కారణం ఆ కోన్‌కి కావాల్సిన గుజ్జు దొరక్కపోవడం. అంత పెద్ద కంపెనీకే. (కోన్‌కి తెల్ల రంగు వేసివ్వమని అడిగేవాళ్లకు: వేసివ్వగలను, దానివల్ల ఆ శబ్దం రాదు. ఆ శబ్దం రంగులో లేదు.)

ఇంగ్లండ్‌లో బీబీసీ ఇంజినీర్లు 1960ల్లోనే ఈ పేపరుతో విసిగిపోయారు, ఒక విడతకూ ఇంకో విడతకూ పొంతన ఉండటం లేదని. ఊరూరా ఉన్న స్టూడియోల్లో ఒకే శబ్దం వినపడాలి వాళ్లకు. అందుకని పాలీస్టైరీన్ జాతికి చెందిన బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్‌కి మారారు. 1970ల్లో వచ్చిన చిన్న ఎల్‌ఎస్ 3/5ఎ మానిటర్‌లో ఉన్నది ఆ కోనే. అదీ ఊరికే మోగడం ఆపలేదు, పైన జిగురు లాంటి పూత పూయాల్సి వచ్చింది, బరువెక్కింది, అందుకే ఆ స్పీకర్లకు వాట్లు ఎక్కువ కావాలి. తర్వాత పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్ వచ్చింది, ఆ పని చేసిన డడ్లీ హార్‌వుడ్ బీబీసీ నుంచి బయటికొచ్చి 1977లో హార్బెత్ పెట్టాడు. మరి నువ్వెందుకు పాలీప్రొపిలీన్ వాడవు, నీళ్లు తాగదు కదా అంటారేమో. దానికి జిగురు పట్టదు, ముందు దాని ఒంటికి వేరే మందు రాసి ఒప్పించాలి, దానికి సరైన అచ్చులూ కావాలి, ఆ పెట్టుబడి నా దగ్గర ఈ ఏడాది లేదు. వచ్చే ఏడాది ఉంటుందని కూడా చెప్పను.

ఇక్కడ ఒక పిచ్చి పని ఒప్పుకోవాలి. పాలీప్రొపిలీన్ కోన్లలో బిగువు కోసం మైకా పొడి కలుపుతారు, ఇది లోకమంతా చేసేదే. మైకా అంటే అభ్రకం, అభ్రకం అంటే మన గూడూరు, సైదాపురం. ఆ మాట తట్టగానే నాకు రాత్రి నిద్ర పట్టలేదు, నెల్లూరు అభ్రకంతో నెల్లూరు స్పీకరు, ప్రకటన కూడా మనసులో రాసేసుకున్నాను. తెలిసినవాళ్ల దగ్గర మైకా పొడి తెచ్చి పేపరు కోన్ పూతలో కలిపి కుంచెతో పూశాను. 4 వేల దగ్గరున్న ముడి 4,500 దాటింది, చేతిలో ఫోన్ పట్టుకుని ఇంట్లో అందరికీ ఆ గీత చూపించాను. మర్నాడు మిగతావి కొలిచాను. బరువు పెరిగి శబ్దం ఒకటిన్నర డెసిబెల్ తగ్గింది, అది భరించొచ్చు. కానీ చేత్తో పూసిన పొడి ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా కూర్చుంది, పన్నెండు కోన్లు పూస్తే ఏ రెండూ ఒకేలా లేవు. జతలు కుదరకపోవడమే నా జబ్బయితే, ఆ జబ్బునే మెరిసేలా తయారుచేశానన్నమాట. ఆ పన్నెండూ గోడకి తగిలించాను, ఎండ పడితే బ్రహ్మాండంగా మెరుస్తాయి. అంతవరకే వాటి ఉపయోగం.

చివరికి పనిచేసింది ఏ కొత్త పదార్థమూ కాదు, ఆరబెట్టడం. పాత ఫ్రిజ్ డొక్కులో రెండు 60 వాట్ల బల్బులు, చిన్న ఫ్యాను, ఒక థర్మోస్టాట్, 50 డిగ్రీలు. ఉత్త కోన్ ఒక రాత్రి అందులో ఉంటుంది, బయటికి తీసిన వెంటనే రెండు వైపులా పల్చగా పూత, మళ్లీ లోపలికి, ఈసారి మూడు రాత్రులు. ఇంతకుముందు పూత ముందువైపే పూసేవాణ్ణి, వెనక ఎవరికీ కనపడదని కాదు, బరువు పెరుగుతుందని, కానీ తేమ వెనక నుంచి కూడా ఎక్కుతుందన్న చిన్న విషయం మర్చిపోయాను. తర్వాత ప్రతి కోన్‌నీ తూచి నంబరు రాస్తాం. ఊఫర్ కట్టాక ఇంపీడెన్స్ గీత (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో చూపేది) తీస్తాం, అందులో వెయ్యి దగ్గర ఒక చిన్న మెలిక కనిపిస్తుంది, అంచు మొరాయించేది అక్కడే, ఆ మెలిక ఒకే చోట ఉన్నవాటినే జత కడతాం. బాక్సులో పెట్టాక మైకుతో మళ్లీ కొలత, 200 నుంచి 5 వేల దాకా రెండింటి మధ్య తేడా అర డెసిబెల్ లోపు ఉంటేనే బయటికి పోతుంది. కోన్ మధ్యలో ఉండే మూత, డస్ట్ క్యాపుకి జిగురు ఇదివరకు చేతి అంచనాతో పెట్టేవాళ్లం, ఇప్పుడు సిరంజితో కొలిచి పెడుతున్నాం. నమ్మరు గానీ, ఆ చుక్క జిగురు ఎక్కువైతే 3 వేల దగ్గర గీత కదులుతుంది.

ఇట్లా చేస్తే పది కోన్లకు మూడు పక్కకు పోతున్నాయి. అవి పారేయను, మైక్‌సెట్ల వాళ్లకు కోన్ మార్చే పని మా నాన్న కాలం నుంచీ ఉంది, తిరునాళ్ల స్పీకర్‌కి అర డెసిబెల్ లెక్క ఎవరడుగుతారు, తక్కువ ధరకు చెప్పే వేస్తాను. కానీ మానిటర్ల ధర పెరుగుతుంది. జత 34,000 ఉండేది, ఇకమీదట 37,500. ఇదివరకే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత ధరే. నెలకు పన్నెండు జతలు చేసేవాళ్లం, ఇప్పుడు ఏడో ఎనిమిదో. తొందరున్నవాళ్లు వేరేచోట కొనుక్కోండి, నేనేమీ అనుకోను.

డీజే శబ్దం కావాలి, గుండె అదరాలి అనేవాళ్లు కూడా దయచేసి ఇవి కొనొద్దు. పోయిన నెల ఒంగోలు నుంచి ఒకబ్బాయి తీసుకెళ్లి పెళ్లి హాల్లో పెట్టి కాయిల్ కాల్చుకొచ్చాడు, మళ్లీ నన్నే అడిగాడు ఏంటన్నా ఇట్టా అయిందని. నేనేం చెప్పను.

మార్పిడి మొదటి విడత ఊఫర్లు, ఎనిమిది జతలు, ఫ్రిజ్‌లో ఉన్నాయి, గురువారం బయటికి వస్తాయి. కావలికి మొదటి జత. దాన్ని కార్గోలో వేయను, నేనే తీసుకెళ్తాను.