ఆ హాలుకు తాళం వేయకండి

మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

శబ్దం మీద ఫిర్యాదులొచ్చాయని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చిన్న మ్యూజిక్ హాలును మూసేయాలని చూస్తున్నారట. ఫిర్యాదు చేసినవాళ్లది తప్పని నేననను. అర్ధరాత్రి డ్రమ్స్ మోగితే నాకూ చిరాకే.

కానీ పదహారేళ్ల పిల్లలు సాయంత్రం ఎక్కడికెళ్లాలి? ఆ హాల్లో ఎవరూ మార్కులడగరు. శ్రుతి తప్పినా ముందున్న నలుగురూ చప్పట్లు కొడతారు. పాట రానివాళ్లు వైర్లు చుడతారు, టికెట్లు చింపుతారు, మెల్లగా సౌండ్ మిక్సర్ దగ్గర పని నేర్చుకుంటారు. ఇంట్లో నోరు విప్పని అమ్మాయి అక్కడ మైకు అందుకుంటుంది.

అమెరికాలోని బర్క్‌లీలో 1986 చివర్లో మొదలైన 924 గిల్మన్ అనే మ్యూజిక్ హాల్లో మద్యం ఉండదు, ఏ వయసువాళ్లైనా రావచ్చు, నడిపేది వాలంటీర్లే. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న గ్రీన్ డే అనే రాక్ బ్యాండు తొలినాళ్లలో వాయించింది అక్కడే. (అందరూ అంతవాళ్లు కానక్కర్లేదు లెండి.)

శబ్దానికి దారులున్నాయి. పాత హాలు పక్కన కొత్తగా ఇళ్లు కడితే, శబ్దం రాకుండా చూసుకునే బాధ్యత కట్టేవాళ్లదేనని ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో నియమం తెచ్చింది. ఇక్కడా అలాంటిది ఆలోచించండి. లేదంటే శబ్దం కొలిచే డెసిబెల్ మీటరు పెట్టించండి, టైము కుదించండి.

నోటీసు మీద సంతకం పెట్టేముందు ఒక్క శనివారం వచ్చి వెనక వరసలో కూర్చోండి.

ఇట్లు,
ఒక శ్రోత