పసిపిల్లల కంచం ముందు ఫోన్ వద్దు

సంపాదకుడి గారికి నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి 2024లో రిటైర్ అయ్యాను. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగంలో చేరిన కొత్తలో తల్లులు వచ్చి "టీచరమ్మా, పిల్లగాడు అన్నం తింటలేడు" అనేవాళ్లు. చివరి ఏడెనిమిదేళ్లలో ఆ మాట మారింది. "ఫోన్ పెడితేనే తింటడు టీచర్" అనడం మొదలైంది. మొదట్లో నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ఏదోలా తింటున్నాడు కదా, బరువు పెరిగితే చాలు అనుకున్నాను. అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మా పక్కింట్లో చూసింది చెబుతాను. పాపకు ఇంకా రెండేళ్లు నిండలేదు. నీళ్ల చెంబుకు ఆనించి ఫోన్ నిలబెట్టారు. తెర మీద బొమ్మలు కదులుతున్నంతసేపూ పాప నోరు తెరుస్తూనే ఉంది, నానమ్మ పప్పన్నం ముద్దలు పెడుతూనే ఉంది. పాప ఒక్కసారి కూడా కంచం వైపు చూడలేదు. నానమ్మ ముఖమూ చూడలేదు. మధ్యలో నెట్ ఆగిపోయి తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. అంతే, నోరు మూసుకుంది. లోపలున్న ముద్ద బుగ్గలో అలాగే ఉండిపోయింది. నమలలేదు, మింగలేదు, ఏడుపు అందుకుంది. నానమ్మ కంగారుపడి ఎంగిలి చేత్తోనే ఫోన్ తట్టింది. బొమ్మ కదిలాక గానీ ముద్ద గొంతు దిగలేదు.

ఆ పాపకు కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. తిన్నది పప్పో పెరుగో కూడా తెలియదు. మా సెంటర్‌లో పిల్లలకు మాటలు ఎక్కువగా వచ్చేది అన్నం దగ్గరే. "వేడిగా ఉంది, ఊదు." "కారమా? నీళ్లు తాగు." "గుడ్డులో పచ్చది ఎవరు తింటారు?" "ఇంకొంచెం పెట్టనా, చాలా?" చాలు అనే మాటను పసివాళ్లు నేర్చుకునేదే కంచం ముందు. మాటలు ఆలస్యమైన పిల్లలందరికీ ఫోనే కారణమని నేననను, అది డాక్టర్లు చూసి చెప్పాలి. కానీ ముద్దకూ ముద్దకూ మధ్య పలకరించే మనిషే లేకపోతే పిల్లలకు మాట ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఈ విషయంలో సూచనలు ఇచ్చింది. రెండేళ్లు నిండని పిల్లలను తెర ముందు కూర్చోబెట్టొద్దని, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని, ఎంత తగ్గిస్తే అంత మంచిదని చెప్పింది. మన పల్లెల్లో ఈ సంగతి ఎంతమంది తల్లులకు చేరింది?

తల్లులను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. పత్తి ఏరే రోజుల్లో ఉదయం ఏడింటికల్లా కూలీల ఆటో వచ్చి హారన్ కొడుతుంది. వంట కావాలి, అన్నం సర్దుకోవాలి, పిల్లకు తినిపించాలి. అరగంట పట్టే పని ఫోన్ పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ టెన్షన్‌లో ఎవరైనా ఫోనే అందుకుంటారు. మరి ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సిన తాత ఏం చేస్తున్నాడు? మంచం మీద పడుకుని ఆయనా ఫోనే చూస్తున్నాడు. మేనత్త చేతిలో ఇంకో ఫోన్.

పెళ్లిళ్లలో చూడండి. బంతిలో కూర్చున్న మనిషి తల ఎత్తడు. వడ్డించే పిల్లవాడు సాంబారు గరిటె పట్టుకుని "పొయ్యమంటారా అన్నా" అని రెండుసార్లు అడుగుతాడు. అటు నుంచి మాట రాదు, ఎడమ చెయ్యి ఊగుతుంది. పొయ్యమనో, వద్దనో తెలియక ఆ పిల్లవాడు గరిటెతో అలాగే నిలబడతాడు. ఎండలో దూరం నుంచి వచ్చిన చుట్టం పక్కనే కూర్చుంటే ఎప్పుడొచ్చారని అడిగే దిక్కుండదు. నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మనుషులు మారిపోయారని మాత్రం నేను నమ్మను. నిరుడు కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్లతో తిరుమల వెళ్లాను. దర్శనానికి వెళ్లే ముందు ఫోన్లు కౌంటర్‌లో అప్పగించాలి కదా. వైకుంఠం కాంప్లెక్స్‌లో ఐదు గంటలు కూర్చున్నాం. మొదటి అరగంట మావాడి చెయ్యి ఊరికే జేబులోకి పోతూనే ఉంది. తర్వాత మెల్లగా మాటల్లో పడ్డాడు. చిన్నప్పుడు మా బావిలో ఈత నేర్చుకోబోయి నీళ్లు మింగిన సంగతి పిల్లలకు చెప్పాడు. ఇన్నేళ్లలో వాళ్లకు ఆ కథే తెలియదు! పక్కన శ్రీకాకుళం వాళ్లు కూర్చుంటే వాళ్ల ఊరి పంటలు, పెళ్లి సంబంధాలు అన్నీ మాట్లాడుకున్నాం. వాళ్ల పిల్లలు, మావాళ్లు గచ్చు మీద గీతలు ఊహించుకుని తొక్కుడుబిళ్ల ఆడారు. దర్శనమయ్యాక ఫోన్లు తీసుకుని హోటల్‌కు వెళ్లాం. ఐదుగురం కూర్చున్నాం. ఇడ్లీలు చల్లారిపోయేదాకా ఒక్కరూ మాట్లాడలేదు.

అందుకే "తగ్గించుకోండి" అని ఊరికే చెబితే లాభం లేదంటున్నాను. ఒక వేళ, ఒక కట్టుబాటు కావాలి. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే ఊరు 2022లో ఈ పని చేసి చూపించింది. రోజూ సాయంత్రం 7 గంటలకు గుడి దగ్గర సైరన్ మోగించడం మొదలుపెట్టారు. అది మోగగానే ఊరంతా గంటన్నరపాటు టీవీలు, ఫోన్లు పక్కన పెట్టేవారు. దానికోసం ఇంటింటికీ తిరిగి చెప్పినవాళ్లలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశాలు కూడా ఉన్నారు. మన గ్రామపంచాయతీలు గ్రామసభలో ఈ విషయం ఎందుకు చర్చించకూడదు? గంటన్నర వద్దు, రాత్రి అన్నం తినే అరగంటతో మొదలుపెట్టినా చాలు.

మహిళా శిశు సంక్షేమ శాఖకు నాదొక విన్నపం. నెలనెలా సెంటర్‌లో పిల్లల బరువులు తూచే రోజున తల్లులు ఎలాగూ వస్తారు. పసిపిల్లల పోషకాహార పిండి బాలామృతం ప్యాకెట్ ఇచ్చేటప్పుడు ఎలా కలపాలో చెబుతున్నాం. తినిపించేటప్పుడు ఫోన్ పెట్టొద్దని కూడా అప్పుడే చెప్పించండి, ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో రాయించండి. తల్లితోపాటు నానమ్మనూ తాతనూ పిలవాలి. టీచర్లకు ఇంకో మాట. సెంటర్ వివరాలు ఎక్కించే ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్ కోసం ఫోన్ చేతిలో ఉండక తప్పదు, నేనూ అందులో లెక్కలు ఎక్కించినదాన్నే. అయినా పిల్లలు తింటున్న ఆ కాసేపు దాన్ని బీరువాలో పెట్టండి.

మా పక్కింటి పాపకు ఇప్పుడు మధ్యాహ్నం అన్నం నేనే తినిపిస్తున్నాను. మొదటి రెండు రోజులు నాలుగు ముద్దలకే లేచిపోయింది. మూడో రోజు కంచంలో చెయ్యి పెట్టి, పప్పు వేళ్లతో పిసికి, నా నోటికి ఒక ముద్ద అందించింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
సూర్యాపేట జిల్లా